ఆడియో కథలకు సంగీతం, శబ్దాలు: ఏవి తెచ్చుకోవాలి, ఏవి మనమే చేసుకోవాలి?

కథల_పెట్టె
పాతబస్తీ నేపథ్యంగా పిల్లలకు ఆడియో కథలు చేస్తున్నాం. ఒక్కోటి పదిహేను నిమిషాలు. యూట్యూబ్‌లోనూ పెడతాం, పాడ్‌కాస్ట్‌గానూ వదులుతాం. గొంతు రికార్డింగ్ బాగానే వస్తోంది. ఇబ్బందంతా వెనకాల వినపడాల్సిన వాటితోనే. "నో కాపీరైట్" అని రాసి ఉన్న ఒక ఛానెల్ నుంచి తీసుకున్న ఫ్లూట్ బిట్టుకు కాంటెంట్ ఐడీ (వేరేవాళ్ల హక్కులున్న పాటల్ని పట్టే యూట్యూబ్ వ్యవస్థ) క్లెయిము పడింది. శబ్దాల సంగతి చూస్తే, ఉచిత సైట్లో రద్దీ వీధి అని దించుకున్న దాంట్లో ఒక్క హారన్ లేదు! జట్కా బండి, వాన, ఉరుము, పావురాలు, రాత్రి గస్తీవాడి అడుగులు కావాలి. డబ్బు పెద్దగా పెట్టలేం. ఫోను, ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మైకు_మామ
మూడు కుప్పలు చేసుకోండి. సందు, బజారు, వాన, పిట్టలు లాంటి ఊరి వాతావరణం బయటికెళ్లి మీరే రికార్డు చేయాలి. అడుగులు, గుర్రం, తలుపు, రెక్కలు ఇంట్లో చేసుకోవచ్చు. ఫిరంగి, సింహం, గాజు పగలడం మాత్రమే లైబ్రరీలో వెతకండి. చాలామంది సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు. ఎవరో పరాయి దేశంలో పట్టుకున్న వీధిని కథ మొత్తం వెనకాల పరుస్తారు. అక్కడి కాకి జాతే వేరు, అరుపూ వేరు. రైలు కూత వేరు, పోలీసు సైరన్ వేరు. పిల్లలు ఫలానాది తేడా అని చెప్పలేకపోవచ్చు గానీ ఇది మన వీధి కాదని చెవికి తెలిసిపోతుంది.

చిక్కడపల్లి_చెవి
పై మాటకు ఒక చేర్పు. కాలం కూడా చూసుకోవాలి. కోయిల ఎక్కువగా కూసేది ఎండాకాలంలో. కార్తీకమాసం కథ వెనకాల కోయిల కూస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు. కప్పలు వానాకాలానివి. కథ నిజాం కాలంలో జరుగుతుంటే బైకులు, కుక్కర్ విజిల్, మోటారు పంపు ఏవీ దొర్లకూడదు. అందుకే పాత కాలం కథకు వాతావరణం తెల్లవారుజామునే పట్టుకోవాలి.

గుల్జార్_హౌజ్
పావురాలు కావాల్నంటే మక్కా మసీదు ముందర పొద్దుగాల పోవాలె. గింజలేసెటోళ్లు వస్తరు. గుంపంత ఒక్కపాలి లేస్తది చూడు, గా రెక్కల చప్పుడు ఏ లైబ్రరీల దొరకది. ఫోను చేతుల పట్టుకోకు, బట్ట మడతపెట్టి దాని మీద పెట్టు, లేకుంటే వేళ్ల రాపిడి పడ్తది. లాడ్ బజార్ల గాజుల చప్పుడు కావాల్నంటే దుకాణాలు తెరిచినంక పో. దుకాణపాయనకు సంగతి చెప్తే లక్క గాజుల జత మైకు దగ్గర ఆడిచ్చి సూపెడ్తడు.

నాంపల్లి_నైట్
బజార్లో రికార్డు చేసేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. ఇరానీ హోటల్లోనో సెల్‌ఫోన్ షాపులోనో సినిమా పాట మోగుతూ ఉంటుంది. మీ రికార్డింగులో అది వెనకాల సన్నగా పడినా కాంటెంట్ ఐడీ పట్టేసుకుంటుంది. మైకులో వేసిన భక్తి పాట అయినా అంతే, క్యాసెట్టు పాటకు హక్కుదారులు ఉంటారు. తర్వాత తీసేయడం కుదరదు, అందుకని అక్కడే హెడ్‌ఫోన్స్‌లో వినండి. పాట వినబడితే పది గజాలు పక్కకు జరగండి. రైల్వే స్టేషన్లోనో మెట్రోలోనో స్టాండు, మైకు పెట్టి కూర్చుంటే ముందుగా అనుమతి కావాలి. రైలు వెళ్లే చప్పుడే కావాలంటే లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటుకు ఇవతల రోడ్డు పక్కన నిలబడితే సరిపోతుంది.

కథల_పెట్టె
ఫోనుతో వాన రికార్డు చేస్తే నీళ్లలో మునిగినట్టు వస్తోంది. కాసేపు పెద్దగా, కాసేపు సన్నగా ఊగుతోంది. ఫోను మైకే బాగోలేదా?

మైకు_మామ
మైకుది తప్పు కాదు. ఫోనులో ఉండే రికార్డరు మాటల కోసం చేసింది. ఎడతెగకుండా వచ్చే హోరును రొదగా లెక్కేసి తీసేస్తుంది. వాన అంటేనే హోరు కదా, కాబట్టి వానే పోతుంది. ఊగడానికి కారణం ఆటోమేటిక్ గెయిన్: చప్పుడు తగ్గగానే లెవెల్ పైకి లాగుతుంది, పెరగగానే నొక్కుతుంది. ఇన్‌పుట్ దగ్గర "అన్‌ప్రాసెస్డ్" ఎంచుకోనిచ్చే యాప్ పెట్టుకోండి, గెయిన్ మాన్యువల్‌లో ఉంచండి, ఫైలు వేవ్, 48 కిలోహెర్ట్జ్. ఐఫోన్ అయితే వాయిస్ మెమోస్ సెట్టింగుల్లో ఆడియో క్వాలిటీ "లాస్‌లెస్" చేయాలి. తక్కువ బిట్‌రేట్ ఎంపీ3కి మొదట బలయ్యేవి వాన, చప్పట్లు, మంట. వాటిలో అన్ని ఫ్రీక్వెన్సీలూ ఒకేసారి ఉంటాయి, కుదించడానికి సందు ఉండదు. అతి పెద్ద చప్పుడు కూడా మైనస్ 12 డీబీ (డెసిబెల్) దగ్గర ఆగేలా లెవెల్ పెట్టుకోండి.

ఇంకో మాట. స్నేహితుడి దగ్గర్నుంచి ఫైలు వాట్సాప్‌లో తెప్పించుకుంటే "డాక్యుమెంట్"గా పంపమనండి. వాయిస్ నోటుగా వస్తే పిండి పిప్పి చేసి పంపుతుంది.

కోఠి_కేబుల్
అవన్నీ తంటాలే. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక కాలర్ మైకు తెచ్చుకుంటే పని అయిపోతుంది.

మైకు_మామ
@కోఠి_కేబుల్ గొంతుకైతే సరే. వాతావరణానికి కాలర్ మైకు కొనడం దండగ, అది దగ్గరి మాటకు కట్టింది. పైగా ప్లగ్గు దగ్గర చాలామంది దెబ్బతింటారు. 3.5 ఎంఎం ప్లగ్గు మీద నల్ల గీతలు మూడు ఉంటే ఫోనుకు పనికొస్తుంది, రెండే ఉంటే అది కెమెరాకు. రెండు గీతలది ఫోనుకు పెడితే ఫోను దాన్ని పట్టించుకోకుండా తన సొంత మైకుతోనే రికార్డు చేస్తుంది, మనమేమో కొత్త మైకు అనుకుంటాం. పరీక్ష తేలిక: రికార్డింగ్ నడుస్తుండగా మైకు తలను గోరుతో గీకండి, తర్వాత ఫోను అడుగున గీకండి. ఏ గీకుడు గట్టిగా పడిందో వినండి.

గల్లీకి వెళ్తే ముందు గాలి అడ్డుకునే బొచ్చు తొడుగు తీసుకోండి. ట్యాంక్‌బండ్ మీద గాలికి మైకులో పడే దబదబ ఏ సాఫ్ట్‌వేరుతోనూ పోదు. తర్వాత ఎప్పుడైనా డబ్బు పెట్టగలిగితే చేతి రికార్డరు కొనండి. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ లాంటివి 32 బిట్ ఫ్లోట్‌లో రికార్డు చేస్తాయి, లెవెల్ తప్పినా తర్వాత దించుకోవచ్చు. బోనాల డప్పుకు, టపాసులకు అది బాగా పనికొస్తుంది. డప్పుకు మరీ ఆనుకుని పెడితే మాత్రం మైకు క్యాప్సులే (లోపల చప్పుడు పట్టే భాగం) పగిలిన శబ్దం ఇస్తుంది, ఫ్లోట్ కాపాడదు.

తాండూరు_బండ
జట్కా సంగతి నేను చెప్తాను, నాటకాలకు శబ్దాలు చేస్తుంటాను.

ఎండిన కొబ్బరి చిప్పలు రెండు, ఒకే కాయవి. లోపల కొబ్బరి మొత్తం గీకేయాలి, పైన పీచు నున్నగా తీసేయాలి. పీచు మిగిలితే గరగర వస్తుంది. పాతబస్తీ రోడ్డు కాబట్టి కింద నాపరాయి కావాలి. తాండూరు బండ ముక్క అడుగున్నర పొడవుది దొరికితే చాలు. నేల మీద నేరుగా పెట్టొద్దు, గది మొత్తం దడదడలాడుతుంది. కింద మడతపెట్టిన దుప్పటి వేయండి. చిప్పలో సగం దాకా గుడ్డ కుక్కితే బోలు మోత తగ్గి గిట్ట బరువు వస్తుంది. రాయి మీద గుప్పెడు ఇసుక చల్లితే ఇంకా నిజంగా ఉంటుంది. మైకు అడుగున్నర దూరంలో, చిప్పలకు ఏటవాలుగా.

అసలు కీలకం తాళం. నడక నాలుగు దెబ్బలు, సమానంగా. దుడుకు నడక రెండు దెబ్బలు, ఎదురెదురు కాళ్లు జతగా పడతాయి. దౌడు మూడు దెబ్బలు, తర్వాత చిన్న ఖాళీ. సినిమాల్లో విని అందరూ నేరుగా దౌడు మొదలెడతారు. జనం మధ్య వెళ్లే జట్కా దౌడు తీయదు, నడకే పెట్టండి. చక్రానికి పాత చెక్క తలుపు కిర్రును సగం వేగంతో నడిపించి కింద కలపండి. మువ్వలు విడిగా, ఇంకో ట్రాకులో. అన్నీ ఒకేసారి చేస్తే ఒక్కటి తప్పినా మొత్తం మళ్లీ చేయాలి.

కథల_పెట్టె
@తాండూరు_బండ ఉరుముకు? గస్తీవాడి అడుగులకు?

తాండూరు_బండ
ఉరుముకు పల్చటి జింకు రేకు, రెండడుగుల వెడల్పు, ఐదారడుగుల పొడవు. పై అంచుకు చెక్క పట్టీ బిగించి వేలాడదీసి, కింది మూల పట్టుకుని ఊపాలి. గబగబా కాదు, నెమ్మదిగా మొదలుపెట్టి పెంచి వదిలేయాలి. అంచులు పదునుగా ఉంటాయి, చేతికి గుడ్డ చుట్టుకోండి. రికార్డు చేశాక ఆడాసిటీలో (ఉచిత ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు) వేగాన్ని సగానికి దించండి, శ్రుతి ఒక స్థాయి కిందికి దిగి రేకు మోత కాస్తా ఆకాశం మోత అవుతుంది.

అడుగులకు పాత తోలు చెప్పులు చేతులకు తొడుక్కుని అదే నాపరాయి మీద వేయండి, మడమ ముందు, వేళ్లు తర్వాత. కర్ర చప్పుడు ప్రతి అడుగుకూ వద్దు. రెండడుగులకోసారి.

రెక్కలకు గొడుగు సగం తెరిచి మూసి తెరిచి. మంటకు పూల బొకేలకు చుట్టే సెల్లోఫేన్ కాగితం మైకు దగ్గర మెల్లగా నలపాలి. ఎముక విరిగినట్టు కావాలంటే లేత మునక్కాడ తడిగుడ్డలో చుట్టి విరవండి.

సైనిక్‌పురి_సింథ్
మునక్కాడ సంగతి ఇంట్లో ముందే చెప్పి విరవండి, సాంబారుకు కొరత పడుతుంది 😀

రెడ్‌హిల్స్_రీల్
ఇంట్లో రికార్డు చేసేవాళ్లకు: ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోకుండా బండి తాళాలు దాన్లో పెట్టుకోండి. చీరలు నిండా ఉన్న బీరువా తలుపులు తెరిచి దాని ముందు కూర్చుంటే గది మోత బాగా తగ్గుతుంది. ప్రతి చోటా ఏమీ చేయకుండా ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేసుకోండి. మాటల మధ్య అతుకులు దాచడానికి, రొద నమూనాకు రెంటికీ అదే పనికొస్తుంది.

సన్నటి గుయ్ మోత ఉంటే 50 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్ (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేది) వేయండి, తర్వాత 100, 150. విదేశీ ట్యుటోరియల్స్ చూసి 60 దగ్గర వేస్తే మోత అలాగే ఉంటుంది, మన కరెంటు 50 హెర్ట్జ్‌ది.

చిక్కడపల్లి_చెవి
నాయిస్ రిడక్షన్ మరీ ఎక్కువ వేయకండి అని కూడా రాయండి. ఆడాసిటీలో ముందు ఖాళీ గది ముక్క ఎంచుకుని నాయిస్ ప్రొఫైల్ తీసుకోవాలి, తర్వాత మొత్తం ఎంచుకుని 6 నుంచి 9 డీబీ మాత్రమే తగ్గించాలి. 20 దాకా లాగితే మాటల చివర్లు కిలకిలమంటాయి. వాతావరణం ట్రాకు మీద అసలు వేయొద్దు.

కాయితం_ముఖ్యం
క్లెయిము విషయం ఎవరూ ముట్టుకోలేదు. క్లెయిము వేరు, స్ట్రైకు (ఛానెల్ మీదే పడే శిక్ష) వేరు. క్లెయిముతో ఛానెల్‌కు ప్రమాదం లేదు, ఆ వీడియో ఆదాయం అవతలివాళ్లకు పోవచ్చు. మీ దగ్గర లైసెన్సు రుజువు ఉంటే డిస్ప్యూట్ పెట్టండి, జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజులుంటాయి. క్లెయిము పడిన 5 రోజుల్లోపు పెడితే మొదటి రోజు నుంచీ ఆదాయం పక్కన పెడతారు. రుజువు లేకపోతే పెట్టకండి. ఆ ఫ్లూట్ తీసేసి వేరేది వేయండి. "నో కాపీరైట్" అనే మాట ఛానెల్‌వాళ్లు టైటిల్లో రాసుకున్నది, లైసెన్సు కాదు.

లైబ్రరీల్లో ఫ్రీసౌండ్ మొదట చూడండి. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2005లో మొదలైంది. వెతికిన వెంటనే లైసెన్సు ఫిల్టరు "సీసీ జీరో" పెట్టుకోండి (సీసీ అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు), దానికి పేరు కూడా చెప్పనక్కర్లేదు. "సీసీ బై" అయితే శబ్దం పేరు, చేసినవారి పేరు, లింకు, లైసెన్సు నాలుగూ డిస్క్రిప్షన్‌లో రాయాలి. "ఎన్‌సీ" (వ్యాపారానికి వద్దు) ఉన్నది ప్రకటనలు పెట్టే వీడియోలో వాడకూడదు. "ఎన్‌డీ" (మార్పులు వద్దు) ఉన్న సంగీతాన్ని వీడియోకు జత చేయడమే కుదరదు, దృశ్యంతో కలపడాన్ని ఆ లైసెన్సు మార్పుగానే లెక్కిస్తుంది. బీబీసీ ఆర్కైవ్‌లో 33 వేలకు పైగా శబ్దాలున్నాయి గానీ ఉచితంగా ఇచ్చేది చదువుకు, పరిశోధనకు, సొంతానికి మాత్రమే.

నాంపల్లి_నైట్
పాత పాట 30 సెకన్లలోపు వాడుకుంటే తప్పు లేదు కదా? అందరూ వాడుతున్నారు.

కాయితం_ముఖ్యం
@నాంపల్లి_నైట్ అలాంటి నియమం చట్టంలో ఎక్కడా లేదు. ఐదు సెకన్లయినా క్లెయిము పడొచ్చు.

మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్లు. అంటే 1965లో విడుదలైన రికార్డు 2025 చివరితో బయటపడింది. కానీ అది రికార్డింగ్ ఒక్కదాని లెక్క. సాహిత్యం, బాణీ వేరే హక్కులు, రాసినవారు పోయాక 60 ఏళ్ల దాకా ఉంటాయి. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు కాబట్టి కీర్తన అందరిదీ. దాన్ని ఈ మధ్య ఒకరు పాడిన రికార్డింగ్ మాత్రం వాళ్లది. మీ పక్కింటి వీణ టీచరు చేత వాయించుకుని మీరే రికార్డు చేసుకుంటే చక్కగా వాడుకోవచ్చు.

అప్పుడు కూడా కాయితం రాయించుకోవాలి. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే అని అర్థం, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మీ కథలు అమెరికాలో ఉన్న పిల్లలు కూడా వింటారు. అందుకని ఏ బిట్టు, ఏయే మాధ్యమాలకు, ఎన్నేళ్లకు, "ప్రపంచమంతటా", ఎంత డబ్బు అని ఒక పేజీలో రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. స్నేహితులైనా సరే, వాళ్లు ఊరికే ఇచ్చినా సరే.

సైనిక్‌పురి_సింథ్
సంగీతం మీరే చేసుకోవచ్చు, పిల్లల కథకు పెద్ద ఆర్కెస్ట్రా అక్కర్లేదు. కీబోర్డు మీద నల్ల మెట్లు మాత్రమే వాయించండి, తప్పు స్వరం పడే అవకాశమే లేదు. ఎఫ్ షార్ప్‌ను షడ్జమం అనుకుంటే మోహన. జీ షార్ప్ నుంచి మధ్యమావతి. ఏ షార్ప్ నుంచి హిందోళం. సీ షార్ప్ నుంచి శుద్ధ సావేరి. డీ షార్ప్ నుంచి శుద్ధ ధన్యాసి. మెట్లు అవే, ఆధార షడ్జమం మారితే రాగం మారుతుంది. ఉషారైన సీనుకు మోహన, రాత్రి సీనుకు హిందోళం.

శ్రుతి_పెట్టె
@సైనిక్‌పురి_సింథ్ మాట నిజమే, కానీ కింద శ్రుతి సాగకపోతే చెవి ఏ రాగమో తేల్చుకోలేదు, అన్నీ మోహనలాగే వినిపిస్తాయి. మోహనకు ఎఫ్ షార్ప్, సీ షార్ప్ పట్టి ఉంచండి, అదే నాలుగున్నర కట్టె శ్రుతి. హిందోళంలో పంచమం లేదు, కాబట్టి ఏ షార్ప్‌తో పాటు మధ్యమం, అంటే డీ షార్ప్ పట్టాలి. అలవాటుగా పంచమం వేస్తే రాగం చెడిపోతుంది.

ఇంకోటి, గమకం లేని హిందోళం సగం హిందోళమే. కీబోర్డు ఫ్లూట్ టోన్‌తో గబగబా వాయిస్తే ఫోను రింగుటోన్‌లా ఉంటుంది. నాలుగైదు స్వరాలు చాలు, పొడుగ్గా, మధ్యలో ఖాళీలతో. పిచ్ బెండ్ (స్వరాన్ని పైకీ కిందికీ జార్చే చక్రం) రేంజి 2 సెమీటోన్లు పెట్టుకుని కింది మెట్టు నుంచి స్వరంలోకి జారండి.

కథల_పెట్టె
అన్నీ కలిపేటప్పుడు దేని లెవెల్ ఎంత? ఇప్పుడు సంగీతం మాటల్ని మింగేస్తోంది, తగ్గిస్తే అసలు వినబడట్లేదు.

రెడ్‌హిల్స్_రీల్
లెవెల్ ఒక్కటే తగ్గిస్తే అలాగే అవుతుంది. సంగీతం ట్రాకులో 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య 4 డీబీ కోయండి. మాటలో హల్లులు వినబడేది అక్కడే, జాగా వదిలితే సంగీతం అంత తగ్గించనక్కర్లేదు. గొంతులో 80 హెర్ట్జ్ కింద మొత్తం తీసేయండి. మాటలున్నప్పుడు సంగీతం గొంతు కన్నా 18 డీబీ దాకా కింద ఉంచండి, మాట ఆగిన చోట పైకి రానివ్వండి. ఆడాసిటీలో దీనికి ఆటో డక్ ఉంది. గొంతు ట్రాకు సంగీతం ట్రాకుకు సరిగ్గా కింద ఉండాలి, పైన ఉంటే పనిచేయదు.

వాతావరణం రెండు మూడు నిమిషాల ముక్క తీసుకుని చివరా మొదలూ క్రాస్‌ఫేడ్ చేసి (ఒకటి తగ్గుతుంటే ఇంకోటి పెరిగేలా కలిపి) తిప్పండి. అందులో ప్రత్యేకంగా వినిపించే హారనో దగ్గో ఉంటే ముందే కోసేయండి. ప్రతి రెండు నిమిషాలకూ అదే దగ్గు వస్తే పిల్లలే ముందు పట్టుకుంటారు.

చిక్కడపల్లి_చెవి
చివర్లో ఫోను స్పీకర్లో ఒకసారి వినండి. హెడ్‌ఫోన్స్‌లో దద్దరిల్లిన ఉరుము అక్కడ మాయమైపోతుంది, అంత చిన్న స్పీకరు 200 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ పలకదు. రేకు తొలి దెబ్బను వేగం తగ్గించకుండా ఇంకో ట్రాకులో పైన పెడితే చిన్న స్పీకర్లోనూ ఉరిమినట్టే ఉంటుంది.

కథల_పెట్టె
ఎక్స్‌పోర్ట్ యూట్యూబ్‌కూ పాడ్‌కాస్ట్‌కూ ఒకటే పెట్టొచ్చా?

రెడ్‌హిల్స్_రీల్
రెండు పెట్టండి. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) కన్నా గట్టిగా ఉన్నదాన్ని దించుతుంది, సన్నగా ఉన్నదాన్ని పెంచదు. కాబట్టి దానికి మైనస్ 14. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ అడిగేది మైనస్ 16. రెంటికీ ట్రూ పీక్ (చప్పుడు చేరే అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ 1 దాటకూడదు. ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో అంకె వేసి, తర్వాత లిమిటర్ (చప్పుడు ఒక గీత దాటకుండా ఆపేది) మైనస్ 1.5 దగ్గర పెట్టండి, మామూలు లిమిటర్ ట్రూ పీక్‌ను చూడదు కాబట్టి ఆ అర డీబీ వెసులుబాటు.

కాయితం_ముఖ్యం
ఎక్స్‌పోర్ట్ ఫోల్డర్లోనే ఒక షీటు పెట్టుకోండి: ఫైలు పేరు, ఎక్కడిది, లైసెన్సు, దించుకున్న తేదీ, పేజీ స్క్రీన్‌షాట్. ఫ్రీసౌండ్ ఫైలు పేరు ముందు ఒక నంబరు వస్తుంది, దాన్ని మార్చకండి. తర్వాత ఎప్పుడైనా క్లెయిము పడితే ఆ నంబరుతోనే అసలు పేజీ దొరుకుతుంది.